కడుపులోని బిడ్డకు పరీక్షలు: తెలుసుకోవడం అంటే నమ్మకం లేకపోవడమా?

ప్రహ్లాదుడి కథ మీద మనం చేసిన వీడియో చూసి గోలేటి నుంచి ఒక చెల్లెలు ఉత్తరంలాంటి పెద్ద మెసేజ్ పంపింది. దానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పి వదిలేయడం నాకు మనస్కరించలేదు. వీడియోలో చెప్పడానికి టైం కూడా చాలదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి. ఇంట్లో గర్భిణి ఉంటే ఆమెకూ చదివి వినిపించండి.

గోలేటి అంటే కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా రెబ్బెన మండలంలో సింగరేణి వాళ్ల టౌన్‌షిప్. బెల్లంపల్లి ఏరియా ఆఫీసు అక్కడే ఉంటుంది. ఆ చెల్లెలు హైదరాబాద్‌లో డిగ్రీ చదివి, పెళ్లయ్యాక ఆ క్వార్టర్స్‌కు వెళ్లింది. వయసు ఇరవై ఏడు. మొదటి కాన్పు, మూడున్నర నెలలు. ఆమె మాటల్లోనే చెప్తాను:

"అక్కా, డబుల్ మార్కర్ టెస్టు రిపోర్టు మీద ఎర్ర అక్షరాలతోటి హై రిస్క్ అని వచ్చింది. 210లో 1 అని రాసి ఉన్నది. దానికి అర్థం ఏందని సిస్టర్‌ని అడిగితే, మీ ఆయన్ని తోల్కరా, సార్ చెప్తడు అన్నది. సార్ రెండు నిమిషాలల్ల సూది పరీక్ష రాసిచ్చిండు. ఇంటికొస్తే అత్తమ్మ, దేవుడిచ్చినదానికి పరీక్ష పెడ్తరా అంటున్నది. నిద్ర పడ్తలేదు. పరీక్ష చేయించుకుంటే దేవుని మీద నమ్మకం లేనట్టేనా అక్కా?"

ఆ ఆసుపత్రి ఏ ఊళ్లో ఉందో, దాని పేరేమిటో రాయను. ఇలా ఎక్కడైనా జరగొచ్చు. ఈ మెసేజ్‌లో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. ఒకటి ఆమె అడిగింది: తెలుసుకోవాలనుకోవడం తప్పా? రెండోది ఆమె అడగనిది: తెలిసినవాళ్లు, అంటే నర్సులూ డాక్టర్లూ, ఆమెకు ఏం బాకీ ఉన్నారు? నాకు రెండోదే పెద్ద ధర్మ ప్రశ్న అనిపించింది. ముందు మొదటిది చూద్దాం.

బాయిలోకి దిగే ముందు

గోలేటి చెల్లెలికి గోలేటి ఉదాహరణే చెప్తాను. ఇప్పుడంటే ఓపెన్‌కాస్టులు ఎక్కువయ్యాయి కానీ, అండర్‌గ్రౌండ్ బాయిలోకి దిగే కార్మికుడు ముందు మైసమ్మకు దండం పెట్టుకుంటాడు. ఆ తర్వాత లోపల సర్దారు గ్యాస్ చూస్తాడు. పాత రోజుల్లో సేఫ్టీ ల్యాంపు పట్టుకుని చూసేవాళ్లు. మీథేన్ ఉంటే మంట మీద నీలం రంగు టోపీలాంటి వెలుగు కనబడేది. ఇప్పుడు మీటర్లు వచ్చాయి. ల్యాంపుతో గ్యాస్ చూసిన సర్దారుకు మైసమ్మ మీద నమ్మకం లేదని ఎవరైనా అంటారా? అనరు. దండం దండమే, పరీక్ష పరీక్షే. లోపలికి దిగే మనుషుల ప్రాణాల మీద గౌరవం ఉంది కాబట్టే రెండూ చేస్తాం.

ఇందులో ఇంకో సంగతి ఉంది. మీథేన్ పేలాలంటే గాలిలో దాదాపు 5 శాతం ఉండాలి. కానీ గని నిబంధనల ప్రకారం 1.25 శాతానికి చేరితేనే మనుషుల్ని బయటికి పంపించేయాలి. అంటే హెచ్చరిక గీతను అసలు ప్రమాదానికి చాలా ముందే గీశారు. హెచ్చరిక వచ్చిందంటే పేలిందని కాదు, ఇంకా జాగ్రత్తగా చూడమని అర్థం.

మన చెల్లెలి రిపోర్టు కూడా అంతే. డబుల్ మార్కర్, 11 నుంచి 13 వారాల మధ్య చేసే ఎన్‌టీ స్కాన్, క్వాడ్రపుల్ మార్కర్ ఇవన్నీ స్క్రీనింగ్ పరీక్షలు. అంటే జల్లెడ పట్టడం. ఇవి జబ్బు ఉందనీ చెప్పవు, లేదనీ చెప్పవు. 210లో 1 అంటే, ఇలాంటి రిపోర్టే వచ్చిన 210 మంది తల్లుల్లో ఒక్కరి బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉండొచ్చు, 209 మంది బిడ్డలకు ఉండదు అని. అర శాతం కన్నా తక్కువ. చాలా ల్యాబులు 250లో 1 దగ్గర గీత గీస్తాయి కాబట్టి ఆ గీత దాటగానే ఎర్ర అక్షరాలు పడతాయి. ఎన్‌టీ స్కాన్, డబుల్ మార్కర్ కలిపి చేస్తే, బిడ్డకు ఏ సమస్యా లేని తల్లుల్లోనే వందకు ఐదుగురి దాకా హై రిస్క్ అని వస్తుంది.

ఈ ఒక్క పేరా ఆ రోజు ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉంటే, మా చెల్లెలికి వారం రోజుల నిద్ర మిగిలేది.

పోలిక ఎక్కడ ఆగిపోతుంది

అయితే గని పోలిక కొంత దూరమే వస్తుంది. గ్యాస్ ఉందని తేలితే ఏం చేయాలో అందరికీ తెలుసు, బయటికి రావాలి. కడుపులోని బిడ్డకు ఏదో ఉందని తేలితే ఏం చేయాలో ఏ మీటరూ చెప్పదు. అక్కడ జవాబు యంత్రంలో లేదు, మనిషిలో ఉంది. అందుకే ఈ పరీక్షల్లో "ఎందుకోసం తెలుసుకుంటున్నాం" అన్నదే అసలు విషయం.

ఒకే స్కానింగ్ యంత్రం బిడ్డ గుండెలో రంధ్రం ఉంటే చూపిస్తుంది. అదే యంత్రం ఆడపిల్లా మగపిల్లాడా అనీ చూపిస్తుంది. మొదటిది తెలిస్తే పెద్దాసుపత్రిలో కాన్పుకు ఏర్పాటు చేసుకుని బిడ్డను కాపాడుకోవచ్చు. రెండోది తెలుసుకుని మన దేశంలో ఏం చేశారో జనాభా లెక్కలు చెప్తాయి. ఆరేళ్ల లోపు పిల్లల్లో వెయ్యి మంది మగపిల్లలకు ఆడపిల్లలు 1991లో 945 మంది ఉంటే, 2001లో 927కి, 2011లో 919కి తగ్గారు. ఇది పల్లెటూరి అమాయకత్వం కాదు. చదువుకున్నవాళ్లు, డబ్బు ఉన్నవాళ్లు, పూజలు చేసుకునేవాళ్లు కూడా చేసిన పని.

మన సంప్రదాయం గురించీ నిజాయితీగా ఒక మాట ఒప్పుకోవాలి. పుట్టకముందే బిడ్డ బాగోగులు చూడాలన్న ఆలోచన మనకు కొత్త కాదు. గర్భాధానం, పుంసవనం, సీమంతం అని సంస్కారాలే ఉన్నాయి. కానీ పుంసవనం అన్న పేరులోనే మగబిడ్డ కావాలన్న కోరిక ఉంది. ఆ కోరిక చేతికి స్కానింగ్ యంత్రం దొరికింది. అందుకే 1994లో పార్లమెంటు లింగ నిర్ధారణను నిషేధిస్తూ చట్టం చేసింది. మనం పీసీపీఎన్‌డీటీ చట్టం అంటాం. 1996 జనవరి 1 నుంచి అమలులో ఉంది. ఆడో మగో మాటల్లోనే కాదు, సైగల్లో కూడా చెప్పకూడదు. స్వీట్ల పేర్లు చెప్పి సూచన ఇవ్వడం కూడా నేరమే.

కాబట్టి మొదటి ప్రశ్నకు నా జవాబు ఇది చెల్లీ. తెలుసుకోవడం నమ్మకం లేకపోవడం కాదు. ఎందుకు తెలుసుకుంటున్నామో మన మనసుకు మనం చెప్పుకోలేకపోతే మాత్రం ఆగి ఆలోచించాలి.

పద్మవ్యూహంలోకి దారి, బయటికి దారి

అభిమన్యుడి కథ మనందరికీ తెలుసు. సుభద్ర కడుపులో ఉన్నప్పుడు పద్మవ్యూహంలోకి ఎలా వెళ్లాలో విన్నాడు. అంతలో తల్లి నిద్రపోయింది. బయటికి రావడం వినలేదు. ఆ సగం చదువే పదహారేళ్ల పిల్లాడి ప్రాణం తీసింది.

నేను ఈ విషయం మా చిన్నవదినతో మాట్లాడాను. తను ఒక నర్సింగ్ కాలేజీలో ట్యూటర్. ఆమె ఒక మాట అన్నది: "మేం పేషెంట్లకు చేసే పెద్ద అన్యాయం అభిమన్యుడికి జరిగిందే. రక్తం తీసి లోపలికి దారి చూపిస్తాం. రిపోర్టు వచ్చాక బయటికి దారి చెప్పం."

వదిన లెక్కలో పాఠం రక్తం తీయక ముందే మొదలవ్వాలి. "అమ్మా, ఈ పరీక్ష ఇది చెప్తుంది, ఇది చెప్పదు. హై రిస్క్ వస్తే తర్వాత ఈ దారులుంటాయి. వద్దనుకుంటే ఈ పరీక్షే మానేయొచ్చు, నీకు మిగతా వైద్యం ఏమీ ఆగదు." ఈ మూడు వాక్యాలు. ఎన్ని చోట్ల చెప్తున్నారు? మామూలుగా బ్లడ్ టెస్టుల చీటీలో ఇది కూడా ఒకటి అన్నట్టు టిక్కు పెట్టేస్తారు. అందుకే రిపోర్టు పిడుగులా పడుతుంది.

హై రిస్క్ వచ్చాక ఉండే దారులు కూడా చెప్తాను. ఒకటి ఎన్‌ఐపీటీ. తల్లి రక్తంలోనే ఉండే బిడ్డ తాలూకు డీఎన్‌ఏ ముక్కలను చూస్తారు. పదో వారం తర్వాత చేయొచ్చు. డౌన్ సిండ్రోమ్‌కు చాలా నమ్మకమైనదే కానీ ఇదీ జల్లెడే, పైగా ఖరీదు. రెండోది నిర్ధారణ పరీక్ష. 10 నుంచి 13 వారాల మధ్య అయితే మాయ నుంచి చిన్న ముక్క తీస్తారు. 15 వారాలు దాటాక అయితే స్కాన్‌లో చూస్తూ సన్నని సూదితో ఉమ్మనీరు తీస్తారు. క్రోమోజోముల సంగతి ఉందో లేదో తేల్చి చెప్పేది ఇదే. దీనివల్ల గర్భం పోయే ప్రమాదం చాలా తక్కువ, అనుభవం ఉన్న చేతుల్లో వెయ్యికి ఒకటి నుంచి ఐదు మధ్య అంటారు. తక్కువే కానీ సున్నా కాదు. ఆ మాట కూడా తల్లికి చెప్పాలి. పూర్తి రిపోర్టుకు రెండు మూడు వారాలు పట్టొచ్చు. మూడో దారి, ఇక ఏ పరీక్షా వద్దనుకుని, 18 నుంచి 20 వారాల్లో చేసే టిఫా స్కాన్ మాత్రం చేయించుకుని, బిడ్డ ఎలా ఉన్నా మాకు కావాలి అని ముందుకు వెళ్లడం. ఇదీ గౌరవమైన దారే. అజ్ఞానం కాదు.

గోలేటి లాంటి చోట ఈ వారాల లెక్క ఇంకా ముఖ్యం. ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్‌లో రైలెక్కి, లేదా బస్సులో, బెల్లంపల్లి, మంచిర్యాల, కరీంనగర్, ఒక్కోసారి హైదరాబాద్ దాకా వెళ్లాలి. రిఫరల్ చీటీ కావాలి, భర్తకు సెలవు దొరకాలి. సిటీలో మనకు వారం అంటే వారమే. అక్కడ వారం ఆలస్యమైతే ఒక దారి మూసుకుపోవచ్చు. ఆ తొందర లేకుండా చేయాలంటే ముందే చెప్పడం ఒక్కటే మార్గం.

చట్టం నర్సు చేతికి ఇచ్చిన పని

చాలామందికి ఈ చట్టమంటే లింగ నిర్ధారణ నిషేధమే గుర్తొస్తుంది. అదే చట్టంలో తల్లికి ఇచ్చిన హక్కు ఒకటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. సూది పరీక్ష లాంటివి చేసేముందు దానివల్ల వచ్చే తెలిసిన ఇబ్బందులన్నీ ఆమెకు వివరించాలి. ఆమెకు అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఆమె అంగీకారం తీసుకోవాలి. ఆ కాగితం కాపీ ఆమెకు ఇవ్వాలి. అంగీకారం ఆమెది. భర్తదీ అత్తదీ కాదు. పైగా చట్టం ఒప్పుకున్న కారణాలకు తప్ప, భర్తగానీ బంధువులుగానీ ఆమెను పరీక్ష చేయించుకోమని ఒత్తిడి చేయడమే నేరం.

"మీ ఆయన్ని తోల్కరా, సార్ చెప్తడు" అన్న మాట ఇప్పుడు మళ్లీ చదవండి. భర్త పక్కన ఉండటం మంచిదే. ఆమె కోరితే తప్పకుండా ఉండాలి. కానీ కడుపు మోస్తున్న మనిషి ఎదురుగా ఉండగా, ఆమె రిపోర్టు ఆమెకు చెప్పడానికి ఇంకొకరి కోసం ఆగడం ఏం న్యాయం?

"ఆమెకు అర్థమయ్యే భాష" అన్న మాట కూడా చిన్నది కాదు. గోలేటి చుట్టుపక్కల తిర్యాణి లాంటి మండలాల్లో గోండులు, కొలాములు ఉంటారు. ఇంట్లో గోండి మాట్లాడే తల్లికి ఇంగ్లిషు కాగితం మీద వేలిముద్ర వేయిస్తే అది అంగీకారం అవుతుందా? ఆ మాటకొస్తే హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే అమ్మాయికి కూడా డాక్టర్ల ఇంగ్లిషు అర్థమయ్యే భాషేం కాదు.

ఈ ప్రాంతానికి సికిల్ సెల్ విషయం మరీ దగ్గరిది. ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి వంగిపోయే జబ్బు ఇది. గిరిజన ప్రాంతాల్లో ఎక్కువ. కేంద్ర ప్రభుత్వం 2023 జులై 1న దీని నిర్మూలన కోసం జాతీయ మిషన్ మొదలుపెట్టింది. గిరిజన ప్రాంతాల్లో నలభై ఏళ్ల లోపు ఏడు కోట్ల మందికి పరీక్షలు చేసి, 2047 నాటికి జబ్బును లేకుండా చేయాలని లక్ష్యం. ఇక్కడ నర్సు చెప్పాల్సిన పాఠం ఇది: తల్లిదండ్రులిద్దరిలోనూ ఆ జన్యువు ఒక్కొక్కటి ఉంటే, ఇద్దరూ బయటికి ఆరోగ్యంగానే ఉంటారు. కానీ ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. "ప్రతి కాన్పులోనూ" అన్నది ఒత్తి చెప్పాలి. మొదటి బిడ్డకు వచ్చింది కదా, మిగతా ముగ్గురూ బాగుంటారులే అనుకుంటే పొరపాటు. లెక్క ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచే.

ఇంకొకటి గమనించండి. ఇద్దరి నుంచీ వస్తేనే జబ్బు. కానీ మన ఇళ్లలో నింద ఎవరి మీద పడుతుంది? కోడలి మీద. "మా వంశంలో లేదు" అంటారు. భర్త రక్తపరీక్ష చేయించుకోవడానికి రాడు. నర్సు బొమ్మ గీసి, ఇది మీ ఇద్దరి సంగతి అని చెప్పగలిగితే, ఆ ఒక్క పాఠం ఒక ఆడపిల్లను జీవితాంతపు దెప్పిపొడుపు నుంచి కాపాడుతుంది. మేనరికాల సంగతీ ఇదే. మనం తెలుగువాళ్లం బావ మరదళ్ల పెళ్లిళ్లు, మేనమామ పెళ్లిళ్లు మురిపెంగా చేసుకున్నాం. బావ మరదళ్లకు జన్యువుల్లో ఎనిమిదో వంతు, మేనమామ మేనకోడళ్లకు నాలుగో వంతు ఉమ్మడిగా ఉంటాయి. కాబట్టి దాగి ఉన్న జన్యువులు రెండు వైపుల నుంచీ కలిసే అవకాశం పెరుగుతుంది. ఇది తిట్టడానికి కాదు, ముందే కనుక్కోవడానికి. జాతకాలు చూపించే ఇంట్లో రక్తపరీక్ష కూడా చూపించుకుంటే తప్పేముంది?

"నువ్వైతే ఏం చేస్తవ్ సిస్టర్?"

ఇప్పుడు అసలు కష్టమైన చోటుకు వద్దాం. పరీక్షలో నిజంగానే బిడ్డకు పెద్ద సమస్య ఉందని తేలింది. తల్లి ఏడుస్తూ నర్సు చెయ్యి పట్టుకుని అడుగుతుంది, నువ్వైతే ఏం చేస్తవ్ అని. ఏం చెప్పాలి?

చట్టం హద్దులు చెప్తుంది. 1971 నాటి గర్భస్రావ చట్టాన్ని 2021లో సవరించారు. కొన్ని పరిస్థితుల్లో 24 వారాల వరకు, బిడ్డకు తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు తేలిస్తే ఆ తర్వాత కూడా అనుమతి ఉంది. మేజరైన స్త్రీ అయితే ఆమె ఒక్కరి అంగీకారం చాలు. కానీ చట్టం "చేయొచ్చు" అని మాత్రమే అంటుంది. "చేయాలా" అని అడిగితే మాట్లాడదు.

నా అభిప్రాయం దాచను. భ్రూణహత్యను మన శాస్త్రాలు ఘోర పాపంగా చెప్పాయి. దాన్ని తేలిగ్గా తీసుకునే మనిషిని కాదు నేను. అష్టావక్రుణ్ణి తలుచుకోండి. కడుపులో ఉండగానే తండ్రి శాపం తగిలి, ఒళ్లంతా ఎనిమిది వంకరలతో పుట్టినవాడు. జనకుడి సభలో మహాపండితుడు వందిని ఓడించింది ఆ పిల్లాడే. ఏ స్కానూ ఆ వంకరలు తప్ప ఇంకేం చూపించి ఉండేది కాదు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలు మెల్లగా నేర్చుకుంటారు కానీ నేర్చుకుంటారు, నవ్వుతారు, ప్రేమిస్తారు, పనులు చేసుకుంటారు. దాదాపు సగం మందికి గుండె సమస్య ఉంటుంది, చాలావాటికి ఆపరేషన్ ఉంది. ఇది తల్లికి చెప్పకుండా "అబ్‌నార్మల్" అన్న ఒక్క మాట చెప్పి పంపిస్తే, అది నిజం చెప్పినట్టు కాదు, బెదిరించినట్టు.

అయితే రెండో వైపు కూడా చూడాలి. అష్టావక్రుడి కథ చెప్పి, తల మెదడే ఏర్పడని బిడ్డను మోస్తున్న తల్లిని "కని తీరాలి" అనడం ఎవరి ధర్మం? ఇంట్లో ఇప్పటికే సికిల్ సెల్ నొప్పులతో కేకలు పెట్టే బిడ్డ ఉండి, రెండో కాన్పుకు భయపడే కూలి తల్లికి ఉపదేశం ఇవ్వడానికి మనం ఎవరం? ఆ బిడ్డను రాత్రుళ్లు ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తేది మనం కాదు కదా. నా నమ్మకానికి మూల్యం ఇంకొకరు చెల్లించాలని అనడం భక్తి కాదు.

మరి నర్సు ఏం చేయాలి? ఏమీ చెప్పకుండా ఊరుకోవాలా? కాదు. మన గీతలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. పద్దెనిమిదో అధ్యాయం దాకా అంతా చెప్పిన తర్వాత, 63వ శ్లోకంలో కృష్ణుడు అర్జునుడితో, నేను చెప్పినదంతా బాగా ఆలోచించుకో, ఆ తర్వాత నీకెలా తోస్తే అలా చెయ్యి అనే భావం చెప్తాడు. మీరు అడగొచ్చు, కృష్ణుడు యుద్ధం చేయమనే కదా చెప్పాడు అని. నిజమే, ఆయన అభిప్రాయం ఆయన చెప్పాడు. ఆయన గురువు, భగవంతుడు. అలాంటి ఆయన కూడా విల్లు అర్జునుడి చేతిలోనే ఉంచాడు. భగవంతుడే వదిలిపెట్టిన నిర్ణయాన్ని డ్యూటీ నర్సు లాక్కోవచ్చా?

వైద్య ప్రపంచం కూడా దాదాపు ఇక్కడికే వచ్చింది. 1947లో షెల్డన్ రీడ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఈ పనికి జెనెటిక్ కౌన్సెలింగ్ అని పేరు పెట్టాడు. ఆ తర్వాత ఆ రంగంలో నిలబడ్డ సూత్రం ఒకటే: సమాచారం అంతా ఇవ్వాలి, తోడు ఉండాలి, నిర్ణయం మాత్రం వాళ్లదే.

వదినను అడిగాను, నువ్వైతే ఏం చేస్తావ్ అని పేషెంటు అడిగితే నువ్వు ఏం చెప్తావు అని. "నా ఇల్లు, నా జీతం, నా మొగుడు వేరు కదమ్మా, నా జవాబు నీకు సరిపోదు. నీకు అన్నిటికన్నా ఏది ఎక్కువ భయంగా ఉందో చెప్పు, అక్కడి నుంచి మాట్లాడుకుందాం అంటాను" అన్నది. ఒక్కోసారి ఆ భయం బిడ్డ గురించి కాదట. "ఈ మాట ఇంట్లో ఎలా చెప్పాలి" అన్నదే అట. అప్పుడు అత్తగారిని కూడా పిలిచి, కుర్చీ వేసి, అదే పాఠం ఆమెకూ చెప్తుందట. పెద్దవాళ్లు మనం అనుకున్నంత మొండివాళ్లు కారు, వాళ్లకు ఎవరూ చెప్పలేదంతే అంటుంది వదిన.

ఇంద్రుడా, నారదుడా

ఈ ప్రశ్న ప్రహ్లాదుడి వీడియో చూసే కదా వచ్చింది. అందులో వేగంగా దాటేసిన ఒక ఘట్టం ఉంది. హిరణ్యకశిపుడు తపస్సుకు వెళ్లినప్పుడు ఇంద్రుడు లీలావతిని, భాగవతం కయాధువు అనే ఆ తల్లిని, ఎత్తుకుపోతాడు. ఎందుకు? కడుపులో ఉన్నది రాక్షసుడి బిడ్డ కాబట్టి, పుట్టగానే చంపేద్దామని. అంటే సగం సమాచారంతో ఇంద్రుడు తీర్పు ఇచ్చేశాడు. ఆమెను ఒక్క మాటా అడగలేదు.

నారదుడు అడ్డం వచ్చి ఏం చేశాడో చూడండి. ముందు ఇంద్రుడికి తెలియని సగం చెప్పాడు. తర్వాత ఆమెను తన ఆశ్రమానికి తీసుకెళ్లి, భయం లేని చోటు ఇచ్చాడు. తీరిగ్గా కూర్చోబెట్టి తత్త్వం బోధించాడు. ఆమె కోరుకున్నప్పుడే ప్రసవం అయ్యేలా వరం కూడా ఇచ్చాడు. చోటు, సమయం, జ్ఞానం, ఆమె ఇష్టానికి విలువ. గర్భిణికి చెప్పే పాఠం ఎలా ఉండాలో భాగవతంలో ఇంతకన్నా స్పష్టంగా ఇంకెక్కడ ఉంది?

ఇది జరిగే పనేనా, ఒక నర్సు చేతికింద రోజుకు వందమంది పేషెంట్లుంటే అని మీరు అనొచ్చు. కష్టమే, కాదనను. ఓపీలో అరుపుల మధ్య నిలబడ్డ సిస్టర్‌ను తిట్టడానికి ఇది రాయడం లేదు. ఆమెకు కూడా ఎవరో నేర్పాలి, గది ఇవ్వాలి, టైం ఇవ్వాలి. బీఎస్సీ నర్సింగ్ సిలబస్‌లో జెనెటిక్స్ ఒక పాఠంగా ఉంది. పరీక్ష రాసి మర్చిపోయే పాఠంగా కాకుండా, తెలుగులో గోండిలో నోటితో చెప్పడం సాధన చేయించే పాఠంగా మారాలి. మన దగ్గరే దారి ఉంది. 2017లో కరీంనగర్ ప్రభుత్వ ఆసుపత్రిలో ఫెర్నాండెజ్ ఫౌండేషన్ సాయంతో ముప్పై మంది స్టాఫ్ నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టారు. తల్లితో మాట్లాడటం, ఆమె మాట వినడం కూడా అలాంటి శిక్షణలో భాగమే. ఆ పద్ధతి బొగ్గుబాయిల ఊళ్లకూ, గూడేలకూ చేరితే ఎంత బాగుంటుంది.

అంతవరకూ మనం చేయగలిగినవి ఉన్నాయి. మీ ఇంట్లో గర్భిణికి ఏ పరీక్ష రాసినా, ఇది జల్లెడా నిర్ధారణా అని అడగండి. రిపోర్టు వచ్చాక ఏం దారులుంటాయో రక్తం ఇవ్వక ముందే అడగండి. సంతకం పెట్టిన కాగితం కాపీ అడగండి. ఆమెతో పాటు వెళ్లండి, కానీ ఆమె బదులు మాట్లాడకండి. ఆడో మగో అడగనే అడగకండి. ఆమె ఏ దారి ఎంచుకున్నా, ఆ తర్వాత "మేం ముందే చెప్పాం" అన్న మాట మాత్రం జన్మలో అనకండి.

గోలేటి చెల్లెలితో వదిన ఫోన్లో నలభై నిమిషాలు మాట్లాడింది. 209 సంగతి చెప్పినప్పుడు ఆమె కాసేపు ఏడ్చి, తర్వాత నవ్విందట. అత్తమ్మకు కూడా ఫోన్ ఇచ్చింది. రెండు రోజుల తర్వాత నాకు మెసేజ్ వచ్చింది: "అక్కా, ఏం చేయాల్నో నేను, ఆయన అనుకున్నం. అత్తమ్మ కూడా సరే అన్నది. ఇయ్యాల మంచిగ నిద్రపోయిన."

ఏం అనుకున్నారో ఆమె రాయలేదు. నేనూ అడగలేదు. అడిగే హక్కు నాకు లేదు. ఆ తల్లీబిడ్డలు చల్లగా ఉండాలని ఈ శుక్రవారం దీపం పెట్టినప్పుడు మీరు కూడా ఒక్క క్షణం అనుకోండి.

వచ్చే వీడియోలో పరీక్షిత్తు కథ. ఆయన పేరులోనే పరీక్ష ఎందుకుందో అప్పుడు మాట్లాడుకుందాం. నమస్కారం.